ఆశానిగ్రహమును క్రిప్టో వ్యాపారమును

ఆశానిగ్రహమను మాట మన పాఠశాల బాలురకు క్రొత్తది కాదు. పౌలు గలతీయులకు వ్రాసిన పత్రికలో ఆత్మఫలమును వర్ణించుచు, కట్టకడపట ఈ గుణమును నిలిపినాడు. వేదపాఠపు పరీక్షలో ఆ వరుసను ఒక్క తప్పు లేక వ్రాయగలవారు మన తరగతులలో చాలమంది కలరు. అయితే ఇటీవల ఈ మాటయే మరియొక తెగ బోధకుల నోట వినవచ్చుచున్నది. వారు దేవాలయపు వేదికమీద నిలుచువారు కారు. సెల్‌ఫోను తెరమీద కనబడువారు. భయమును లోభమును అణచుకొన్నవానికి క్రిప్టో వ్యాపారములో లాభము తప్పదనియు, నష్టపోయినవాడు మనస్సును నిలుపుకొనలేకయే నష్టపోయెననియు వారి బోధకు సారాంశము. మన పైతరగతుల విద్యార్థులలోను, చదువు ముగించి హిందూపురములోను బెంగుళూరులోను పనులు చేసికొనుచున్న పూర్వవిద్యార్థులలోను ఈ బోధను చెవినిబెట్టువారు తక్కువమంది కారు. ఇందు నిజమెంత, వంచన యెంత యని విచారింపగోరి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

క్రిప్టోకరెన్సీ యననేమో యెరుగని తల్లిదండ్రులకొరకు ముందుగా కొంచెము చెప్పవలసియున్నది. ఇది ఏ ప్రభుత్వమును అచ్చొత్తింపని ద్రవ్యము. చేతికి చిక్కునది కాదు. లోకమంతట నున్న కంప్యూటరులు కలిసి వ్రాసికొను లెక్కపుస్తకములో ఇది యొక పద్దు. వీనిలో మొదటిదగు బిట్‌కాయిన్ విధానమును సతోషి నకమోటో యను పేరు పెట్టుకొని యెవరో 2008 లో ప్రకటించిరి. 2009 జనవరిలో అది నడక సాగించెను. అటుపిమ్మట ఇట్టివి వేలకొలది పుట్టినవి. మన దేశమున రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిలులో బ్యాంకులను ఈ వ్యాపారమునకు దూరముగా నుండుడని శాసించెను గాని, సుప్రీంకోర్టు 2020 మార్చి 4 వ తేదీన ఆ శాసనమును కొట్టివేసెను. 2022 ఏప్రిలు నుండి దీని లాభముపై నూటికి 30 వంతున ఆదాయపు పన్ను విధింపబడినది. కాబట్టి దీనిని కొనుట నేరము కాదు. అట్లని రూపాయివలె చట్టముచేత చెల్లుబడి గల నాణెమును కాదు.

దీని వెల యెట్లు ఊగునో చూడుడు. 2021 నవంబరులో ఒక్క బిట్‌కాయిన్ సుమారు 69,000 డాలర్లు పలికెను. మరుసటి యేటి నవంబరునకు 16,000 డాలర్ల దరికి దిగెను. 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాటెను. ఇంత యూగు వస్తువును చేతబట్టుకొన్నవాని గుండెయు దానితోకూడ ఊగుట సహజము. బోధకులు చెప్పుమాటలో నిజమగు భాగమిదియే: భయపడి దిగువ వెలకు అమ్ముకొని, ఆశపడి ఎగువ వెలకు కొన్నవారు లోకమున లెక్కలేనంతమంది.

వెలలు హెచ్చుటయు తగ్గుటయు మనకు వింత కాదు. హిందూపురపు పట్టుగూళ్ల మార్కెట్టునకు గూళ్లు తోలుకొనిపోవు రైతు నడుగుడు. నిన్నటి ధర నేడుండదు. గూటిలోని పురుగు చిలుకయై గూటిని తొలుచుకొని వెలికి రాకమునుపే అమ్ముకొనవలెను గనుక, మంచి ధరకొరకు నెలల తరబడి కాచుకొనుటయు సాధ్యము కాదు. అయినను ఆ వ్యాపారమును జూదమని ఎవ్వరును అనరు. ఆ గూళ్లవెనుక మల్బరి ఆకున్నది, నాలుగు జ్వరములు దాటిన పురుగున్నది, రాత్రి లేచి మేత వేసిన ఇల్లాలి కష్టమున్నది. వేలము ముగియగనే మార్కెట్టు తలుపులు మూతపడును. రైతు ఇంటికి పోయి నిద్రించును. క్రిప్టో మార్కెట్టునకు తలుపులే లేవు. ఆదివారము లేదు, పండుగ లేదు, రాత్రి లేదు. మన పెద్దలకు నిగ్రహము మిక్కుటముగా నుండెనని మనము పొగడుదుము. సంత ముగిసి దీపము లార్పుటయే ఆ నిగ్రహములో సగమని నా యనుమానము. నేటి బాలుని దిండుక్రింద సంత రేయంతయు మేలుకొనియుండును.

ఇక అసలు వ్యాధికి వత్తము. దాని నమూనాకొరకు దూరము పోనక్కరలేదు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన మన మడకశిర చుట్టుపట్ల ఏ పొలిమేరకు పోయినను చాలును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయు నమ్మికగా కురియని ఈ అనంతపురపు పీఠభూమిలో రైతు బోరుబావిని నమ్ముకొన్నాడు. మొదటి బోరు వేయించును, నీరు పడదు. పోయినదేదో పోయినదని ఆగిపోవచ్చును గాని ఆగడు. పోయిన సొమ్ము రావలెనన్న నీరు పడవలెను. నీరు పడవలెనన్న మరియొక బోరు వేయవలెను. అదియు ఎండిపోవును. ఇంతవరకు వచ్చి విడిచిపెట్టుటయా యని మూడవది. లోతు వందల అడుగులు దాటి వేయికి చేరును. ఇల్లాలి మెడలోని బంగారము బ్యాంకు పెట్టెలో చేరును. అటుపిమ్మట బ్యాంకు గాక వడ్డీ వ్యాపారి. మొదటి బోరు వేయించినవాడు ఆలోచించి వేయించినాడు. నాలుగవ బోరు వేయించినవాడు ఆలోచించుటలేదు, పోయినదాని వెంట పరుగెత్తుచున్నాడు. రైతును నేను నిందించుట లేదు సుమా. వక్కతోటయో మల్బరితోటయో కన్నులయెదుట మాడుచుండగా చేతులు ముడుచుకొనుమని చెప్పుట సులభము, చేయుట కష్టము.

ఈ వ్యవహారములో ఎన్నడును నష్టపోనివా రిద్దరు కలరు. కొబ్బరికాయను అరచేతిలో నుంచుకొని పొలమంతయు నడచి, అది నిటారుగా లేచినచోట నీరున్నదని చెప్పువాడొకడు, బోరుబండివాడు రెండవవాడు. నీరు పడినను పడకున్నను మొదటివానికి రుసుము ముట్టును. రెండవవానికి అడుగుల లెక్కన కూలి ముట్టును. క్రిప్టో వ్యాపారములోను ఈ యిద్దరే వేరు వేషములతో నున్నారు. టెలిగ్రాము గుంపులలో ఏ నాణెము లేచునో జోస్యము చెప్పువాడు కొబ్బరికాయవాడు. ప్రతి కొనుగోలుమీదను ప్రతి అమ్మకముమీదను రుసుము తీసికొను ఎక్స్ఛేంజి బోరుబండి. మన నిగ్రహమునుగూర్చి మిక్కిలి శ్రద్ధతో బోధించువారిలో చాలమంది ఈ రెండు తెగలలో నొకదానికి చెందినవారే యగుట గమనింపదగినది. నిజముగా నిగ్రహము గలవాడు రోజునకు పదిమారులు కొని అమ్మడు. అట్టివానివలన వారికి గిట్టుబాటు కాదు.

పోయినదాని వెంట పరుగెత్తుట మన రాయలసీమవారి కొక్కరికే గల దౌర్బల్యము కాదు. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ యను ఇద్దరు మనస్తత్వశాస్త్రజ్ఞులు 1979 లో ప్రకటించిన వ్యాసమున దీనిని శాస్త్రరీతిని నిరూపించిరి. నూరు రూపాయలు దొరికినప్పటి సంతోషముకంటె నూరు రూపాయలు పోయినప్పటి దుఃఖము హెచ్చనియు, నిశ్చయమైన చిన్న నష్టమును ఒప్పుకొనుటకంటె, అది పూడునన్న ఆశతో పెద్ద నష్టపు ప్రమాదమునకు మనుష్యుడు సాహసించుననియు వారు కనుగొనిరి. కానెమన్‌కు 2002 లో అర్థశాస్త్రమున నోబెలు బహుమానము వచ్చినది. మన సెబీ సంస్థ 2024 సెప్టెంబరులో ప్రకటించిన పరిశీలనయు ఇట్టిదే. అది క్రిప్టోనుగూర్చినది కాదు, స్టాకు మార్కెట్టులోని ఫ్యూచర్సు ఆప్షన్సు వ్యాపారమునుగూర్చినది. కాని వ్యాపారము చేయు మనస్సు ఒక్కటియే. 2021-22 మొదలు 2023-24 వరకు మూడేండ్లలో ఆ వ్యాపారము చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. అందరి నష్టము కలిసి 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటెను. అంతకంటె నన్ను కలచివేసిన సంఖ్య వేరొకటి యున్నది. వరుసగా నష్టపోయినవారిలో నూటికి 75 మందికి పైగా మరల అదే వ్యాపారమును సాగించిరట. దెబ్బ తగిలినచో బుద్ధి వచ్చునని మనము పిల్లలకు చెప్పుమాట ఇక్కడ పొల్లుపోయినది.

నన్నయభట్టు తెనిగించిన సభాపర్వపు కథ యెరిగినవారికి ఇది ఆశ్చర్యము కాదు. ధర్మరాజునకు ఇంద్రియనిగ్రహము లేదని ఎవ్వరనగలరు? అట్టివాడు పాచికలయెదుట కూర్చుండి ధనమును, రాజ్యమును, తమ్ములను, తన్నును, తుదకు ద్రౌపదిని ఒడ్డినాడు. అందరును ఈ భాగమునే చెప్పుకొందురు. నాకు తోచినంతలో అంతకంటె భయంకరమైనది దాని తరువాతి కథ. ధృతరాష్ట్రుడు పోయినదంతయు తిరిగి ఇచ్చి సాగనంపెను. దారిలో నుండగా మరల పిలువ వచ్చిరి. ధర్మరాజు మరల వచ్చి కూర్చుండెను. విజ్ఞానశాస్త్రము చదువు బాలురు పురాణమును నమ్మమందురేమో. వారికి న్యూటను కలడు. 1720 లో ఇంగ్లండున సౌత్ సీ కంపెనీ వాటాల వెల లేచుచుండగా, ఆయన తన వాటాలను మంచి లాభమునకు అమ్ముకొని బయటపడెను. అటుపిమ్మటను వెల లేచుట చూచి తాళలేక, ఉచ్చస్థితిలో మరల కొని గొప్ప మొత్తము పోగొట్టుకొనెను. గ్రహముల గమనమును లెక్కకట్టినవాడు ఇరుగుపొరుగువారు ధనవంతులగుట చూచి ఓర్వలేకపోయెను.

బోధకులు చెప్పు రెండవ భాగమును, అనగా నిగ్రహమున్న లాభము తప్పదను మాటను ఇక చూతము. ఇందులోనే వంచన యున్నది. 2022 మే నెల మొదట లూనా యను నాణెము 80 డాలర్లకు పైగా పలుకుచుండెను. రెండు వారములైనను గడువకముందే ఒక సెంటైనను చేయకపోయెను. చెదరని మనస్సుతో దానిని పట్టుకొని కూర్చున్న స్థితప్రజ్ఞుడు అందరికంటె హెచ్చుగా నష్టపోయెను. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అను ఎక్స్ఛేంజినుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల నాణెములు దొంగిలింపబడినవి; ఖాతాదారులు తమ సొమ్ము తీసికొనుటకు చాలకాలము వీలులేకపోయెను. వారిలో నిగ్రహవంతు లెందరో, నిగ్రహహీను లెందరో దొంగ విచారింపలేదు. 2025 అక్టోబరు 10 వ తేదీన అమెరికా అధ్యక్షుడు చైనా సరకులపై అదనముగా నూటికి నూరు సుంకమును ప్రకటింపగా, ఒక్క దినములో 1,900 కోట్ల డాలర్లకు మించిన అప్పు పందెములు ఎక్స్ఛేంజిలచేత బలవంతముగా మూసివేయబడెను. వెలలు కూలినవేళకు మన దేశమున అర్ధరాత్రి దాటియుండెను. నిద్రించువానికి నిగ్రహమేమి, అనిగ్రహమేమి?

అప్పు పందెమననేమో పైతరగతి బాలుడు పలకమీద లెక్క వేసికొనవచ్చును. వేయి రూపాయలకు పదింతలు, పదివేల సరకు కొనుటకు కొన్ని ఎక్స్ఛేంజిలు వీలుకల్పించును. వెల నూటికి పది తగ్గగనే మన వేయియు హరించును. తరువాత వెల తిరిగి లేచినను మనకు సంబంధము లేదు. అప్పు లేకున్నను శాతముల లెక్క మనకు ప్రతికూలమే: నూటికి 50 పోయినచో, నూటికి 50 వచ్చిన పూడదు, నూటికి నూరు రావలెను. దీనిపై పన్ను చట్టమొకటి. ఒక నాణెములో పదివేలు లాభించి మరియొక దానిలో పదివేలు నష్టపోయినవాడు, ఏమియు గడింపలేదు గదా యని తలచును. చట్టము ఆ నష్టమును ఆ లాభమున తగ్గించుటకు ఒప్పుకొనదు. లాభముమీద 3,000 రూపాయల పన్ను కట్టవలెను, సెస్సు వేరు. సమముగా గెలిచి ఓడినవాడును ఈ రీతిని ఓడినవాడే. బాసెల్ నగరమునందలి బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్మెంట్స్ వారి పరిశోధకులు 2022 లో పలుదేశముల లెక్కలు తీసి, ఫోను ద్వారా బిట్‌కాయిన్ కొన్నవారిలో దాదాపు నాలుగింట మూడువంతులమంది నష్టపోయియుందురని అంచనా కట్టిరి. ఇందరికిని మనోనిగ్రహము లేకపోవుటయే కారణమని చెప్పుట, బోరు ఎండిపోయిన రైతుతో నీకు భక్తి చాలలేదనుట వంటిది.

అట్లయిన నిగ్రహము వ్యర్థమా? కాదు, అది ఉండవలసిన చోటు వేరు. వేరుసెనగ సాళ్లలో గుంటక తోలునప్పుడు ఎద్దు మూతికి చిక్కము కట్టుదురు. కళ్లము త్రొక్కు ఎద్దు మూతికి చిక్కము కట్టరాదని మోషే ధర్మశాస్త్రమున నున్నమాట నిజమే; కాని పైరునడుమ నడచు ఎద్దుకు కట్టకున్న పైరు మిగులదు. ఆ చిక్కమును చేనిలో దిగకమునుపే కట్టుదురు గాని, ఎద్దు పైరును నోటబట్టిన తరువాత దానికి నీతి చెప్పరు. వెల కూలుచుండగా, చేతులు వణకుచుండగా మనస్సును నిలుపుకొందునని నమ్ముకొన్నవాడు ధర్మరాజుకంటె గొప్పవాడై యుండవలెను. నిలుపవలసినది ముందటి దినమున, ఖాతా తెరువకముందు, చేత పెన్సిలు పట్టుకొని.

ఈ వ్యాపారములో దిగియే తీరుదునను పెద్దవారికి (పిల్లలకు కాదు) నేను చెప్పునది కొంచెమే. మొత్తము పోయినను బడి జీతమునకును విత్తనములకును లోటురాని సొమ్మెంతో కాగితముమీద వ్రాసి ఇంటిలో నొకరిచేత చేవ్రాలు పెట్టించుకొనవలెను. అప్పు తెచ్చి పెట్టరాదు. బంగారము కుదువబెట్టిన సొమ్మును పంటరుణమును అప్పులక్రిందనే లెక్క. పోయినచో పోయినంతటితో సరి. దానిని పూడ్చుటకు రెండవమారు సొమ్ము పెట్టరాదు. ఈ కడపటి నియమము తక్కిన అన్నిటికంటె కష్టము, తక్కిన అన్నిటికంటె ముఖ్యము. స్టాప్‌లాస్ అను ఏర్పాటు ఎక్స్ఛేంజిలలోనే కలదు గదా, వెల ఇంతకు దిగినచో దానంతట అదియే అమ్ముడుపోవును గదా యని కొందరందురు. మంచి ఏర్పాటే. అయితే వెల ఆ గీటును సమీపించునప్పుడు గీటును ఇంకొంచెము క్రిందికి జరుపువాడును వాడే. చిక్కము ముడిని ఎద్దు చేతికే ఇచ్చినట్లున్నది. అందుచేతనే ఇంటిలోనివారి చేవ్రాలు కావలెనంటిని. ఈ వ్యాపారమున రహస్యము మొదలైన దినమే ప్రమాదము మొదలైనదని తెలియవలెను. భార్యకు చెప్పలేని లెక్క తనకును చెప్పుకొనలేని లెక్క.

మన క్రైస్తవ యువకులు కొందరు సువార్తలోని తలాంతుల ఉపమానమును చూపి, యజమానుడు సొమ్మును పాతిపెట్టినవానినే గద్దించెను, వ్యాపారము చేసినవారిని మెచ్చుకొనెను గదా యని వాదింతురు. చమత్కారమైన వాదమే. కాని ఆ కథలో యజమానుడు బహుకాలమునకు గాని తిరిగి రాలేదు; ఒక్క రాత్రిలో తలాంతులు రెట్టింపైనవని అందు లేదు. భయపడిన దాసునితో ఆయన చెప్పినది ఆ సొమ్మును సాహుకారులయొద్ద వడ్డికైనను వేయవలసినదనియే. మరియు ఆ సొమ్ము దాసులది కాదు, లెక్క చెప్పవలసిన సొమ్ము. గోపురము కట్టబూనువాడు ముందుగా కూర్చుండి వ్యయమును లెక్కచూచుకొనవలెనని అదే ప్రభువు మరియొకచోట చెప్పినదానిని ఈ వాదులు జ్ఞాపకము చేయుట నేను వినలేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పదునెనిమిదేండ్లు నిండని బాలునికి మన చట్టప్రకారము ఒప్పందము చేయు అధికారము లేదు. కావున ఎక్స్ఛేంజిలలో వాని పేర ఖాతా తెరువబడదు. అయినను బాలురు వ్యాపారము చేయుచున్నారనిన, అది తండ్రి పాను కార్డుతోను, అన్న ఆధారుతోను, ఇంటిలోని ఫోనుకు వచ్చు ఓటీపీ సంఖ్యతోను జరుగుచున్నదని తెలిసికొనవలెను. మన గ్రామములలో చాలమంది పెద్దలు ఫోనును పిల్లవాని చేతికిచ్చి, పింఛను వచ్చినదేమో చూడుమందురు, గ్యాసు బుక్కు చేయుమందురు, కార్డుల నకళ్లను వానియొద్దనే యుంచుదురు. ఈ నెలలో ఒక సాయంకాలము వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, కోపపడక, ఫోనులో ఏయే యాపులున్నవో, బ్యాంకు ఖాతానుండి ఎవరికెంత పోయినదో చదివి వినిపింపుమనుడు. చదువురాని తల్లులైనను ఈ పని చేయవచ్చును. చదువువాని ముఖమును చూచిన చాలును. ఏలయనగా ఆ ఖాతాలో జరిగిన ప్రతి అమ్మకమును ఆదాయపు పన్ను శాఖవారి లెక్కలో తండ్రి పేరనే నమోదగుచున్నది. తాఖీదు వచ్చినచో అతని పేరనే వచ్చును; దానికి జవాబు వ్రాయవలసినవాడును అతడే.